వేలిముద్ర, పోలీసు రిజిస్టరు, పౌరస్వేచ్ఛ: వలస పాలన నుంచి నేటి వరకు

11.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• భారతదేశంలో వేలిముద్ర పద్ధతి ఏ అవసరం కోసం మొదలై, పోలీసు శాఖకు ఎలా చేరిందో వివరించగలుగుతారు.
• నేరస్థ జాతుల చట్టం కింద రిజిస్టరులో పేరు నమోదు కావడానికీ, ఆ వ్యక్తి చేసిన పనికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించగలుగుతారు.
• నిఘా, గోప్యత విషయాల్లో సుప్రీంకోర్టు వైఖరి 1962 నుంచి 2017 వరకు ఎలా మారిందో తెలుసుకుంటారు.
• ‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అనే సాధారణ అభిప్రాయాన్ని చారిత్రక ఆధారాలతో విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.

11.1 పరిచయం

రేషన్ బియ్యం తీసుకోవడానికి వెళ్లినప్పుడు మీరు చిన్న యంత్రంపై వేలు పెట్టే ఉంటారు. కూలి పనితో వేళ్ల గీతలు అరిగిపోయిన పెద్దవారు నాలుగైదుసార్లు వేలు తుడుచుకుని మళ్లీ పెట్టడం కూడా చూసే ఉంటారు. ఒకప్పుడు చదువు రానివారిని మన పల్లెల్లో ‘వేలిముద్ర మనిషి’ అనేవారు. అప్పు పత్రం మీద సంతకానికి బదులు బొటనవేలి నిశానీ వేసేవారు వారే. ఇప్పుడు చదువుకున్నవారు, చదువుకోనివారు అన్న తేడా లేకుండా అందరమూ వేలిముద్ర మనుషులమే.

ఈ మార్పు గురించి రచ్చబండ దగ్గరా బస్సులోనూ రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ‘తప్పు చేయనివాడికి భయమెందుకు? కెమెరాలు పెడితే దొంగలే భయపడాలి’ అనేది మొదటిది. ‘మన వివరాలన్నీ పోలీసుల చేతికి వెళితే ఇక స్వేచ్ఛ ఎక్కడిది?’ అనేది రెండవది. రెండూ అనుభవం నుంచి పుట్టినవే కనుక దేనినీ తేలికగా కొట్టిపారేయలేం. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు ఇంకొంచెం లోతుగా చూడాలి. మనిషిని గుర్తుపట్టే సాధనం వచ్చినప్పుడు రిజిస్టరులోకి ఎవరి పేర్లు, ఏ కారణంతో ఎక్కాయి? ఎక్కిన పేరును తీయించుకునే దారి ఉండేదా? ఈ పాఠం ఆ రెండు ప్రశ్నలను వెంబడిస్తుంది.

11.2 వేలిముద్ర పద్ధతి పుట్టుక

నేర పరిశోధనలో వేలిముద్రల వాడకానికి మన దేశంలోని బెంగాల్ ఒక ముఖ్యమైన పుట్టినిల్లు. 1858లో జంగీపూర్‌లో పనిచేస్తున్న విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి, రోడ్డు పనికి సరుకు సరఫరా చేసే ఒక స్థానిక వ్యాపారి చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. తరువాత మాట తప్పకుండా ఉండాలన్నదే అతని ఉద్దేశం. 1877 నాటికి హుగ్లీ జిల్లాలో పింఛనుదారులను గుర్తించడానికి, దస్తావేజుల రిజిస్ట్రేషనుకు, జైలు ఖైదీల విషయంలోనూ అతడు వేలిముద్రలు వాడాడు. చనిపోయినవారి పేరుతో మరొకరు పింఛను తీసుకోవడాన్ని ఆపడం అప్పటి అవసరాలలో ఒకటి. నేటి ప్రభుత్వాలు వేలిముద్ర యంత్రాలకు చెప్పే కారణం కూడా దాదాపు ఇదే కావడం గమనించండి.

ముద్రలు తీసుకోవడం సులభమే. వేల ముద్రల మధ్య కావలసిన దానిని వెదికి పట్టుకోవడం కష్టం. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు ఈ చిక్కును విప్పడంలో ప్రధాన పాత్ర వహించారు. పది వేళ్ల గీతల తీరును బట్టి ముద్రలను 1024 అరలుగా విభజించే పద్ధతి ఏర్పడింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ప్రారంభమైంది. 1901లో లండన్‌లోని స్కాట్లాండ్ యార్డు ఈ పద్ధతినే స్వీకరించింది. పేరు మాత్రం ‘హెన్రీ పద్ధతి’గా స్థిరపడింది.

ఈ సాధనం బలమూ పరిమితీ ఒకే కేసులో కనిపిస్తాయి. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. ఆయన పెట్టెలో దొరికిన పంచాంగం మీద రక్తపు బొటనవేలి ముద్ర ఉంది. అంతకుముందు శిక్ష పడిన ఒక మాజీ నౌకరు ముద్రతో అది సరిపోయింది. 1898లో కోర్టు అతనికి దొంగతనం నేరానికి శిక్ష వేసింది, హత్యా నేరాన్ని మాత్రం నిర్ధారించలేదు. వేలు అక్కడ పడిందని ముద్ర చెబుతుంది. ఆ వేలు ఏం చేసిందో సాక్ష్యాలన్నీ చూసి న్యాయస్థానమే తేల్చాలి.

11.3 నేరానికి ముందే నమోదు

పై కేసులో ముందు నేరం జరిగింది, తరువాత మనిషిని వెదికారు. ఇదే కాలంలో దీనికి పూర్తిగా తలకిందులైన మరొక విధానం కూడా నడుస్తోంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ప్రకారం ఒక జాతి లేదా ముఠా నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం భావిస్తే దానిని ‘నేరస్థ జాతి’గా ప్రకటించవచ్చు. ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీలులేదు. మొదట ఉత్తర భారత ప్రాంతాల్లో అమలైన ఈ విధానం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నమోదైన సభ్యుల వేలిముద్రలను ఎప్పుడైనా తీసుకోమని ఆదేశించే అధికారాన్ని 1911 చట్టం జిల్లా మేజిస్ట్రేటుకు ఇచ్చింది. ఇక్కడ ముద్ర తీసుకోవడానికి నేరం జరగనవసరం లేదు, ఆ జాతిలో పుడితే చాలు.

తెలుగు ప్రాంతంలో దీని భారం ఎక్కువగా మోసినవారిలో ఎరుకలవారు ఉన్నారు. వీరిలో ఒక వర్గం తీరం నుంచి ఉప్పును, లోపలి ప్రాంతాల నుంచి ధాన్యాన్ని పశువుల మీద మోసుకుంటూ ఊరూరా అమ్మేది. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, ఆ తరువాత రైళ్లు ఈ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని పాలకులు అనుమానంగా చూశారు. అంటే ఒక సాంకేతిక మార్పు వారి జీవనాధారాన్ని తీసుకుంటే, మరొకటి వారిని రిజిస్టరులోకి ఎక్కించింది.

1913లో నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురంలో ఎరుకలవారి కోసం ఒక సెటిల్‌మెంట్ ఏర్పడింది. దానికి మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. కావలిలో మరొక సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. ఈ విధానం కింద నమోదైనవారు హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా బయటకు వెళ్లకూడదు. పాఠశాల, పొలం, పని కల్పించామని నిర్వాహకులు చెప్పారు, కొంతమేరకు కల్పించారు కూడా. కానీ కూతురి పెళ్లికి పక్క ఊరు వెళ్లాలన్నా అనుమతి అడగవలసిన మనిషిని స్వేచ్ఛ గల పౌరుడని అనగలమా? మీరే ఆలోచించండి.

స్వాతంత్ర్యం వచ్చాక తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పాటైన విచారణ సంఘం ఈ చట్టాన్ని రద్దు చేయాలని సూచించింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేయగా, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దు అమలులోకి వచ్చింది. ఈ జాతులు ‘విముక్త జాతులు’ అయ్యాయి. కానీ పేరు పడ్డ ముద్ర చట్టంతో పాటు చెరిగిపోలేదు. స్టూవర్టుపురం అనగానే దొంగతనం గుర్తుకు రావడం సినిమాల వరకూ కొనసాగింది. జైలు నియమాల్లోని కుల వివక్షపై 2024 అక్టోబర్ 3న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, విముక్త జాతులవారిని నేర స్వభావం గలవారిగా చూసే నిబంధనలను కొట్టివేయవలసి వచ్చింది. చట్టం రద్దయి అప్పటికి 72 ఏళ్లు గడిచాయి.

11.4 ట్రాన్స్‌వాల్‌లో భారతీయుల అభ్యంతరం

బెంగాల్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి సముద్రం దాటి దక్షిణాఫ్రికాకు వెళ్లింది. హెన్రీ స్వయంగా అక్కడికి వెళ్లి పోలీసు వ్యవస్థ నిర్మాణంలో పాల్గొన్నాడు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియా వాసులు వేలిముద్రలు ఇచ్చి నమోదు కావాలనీ, ఆ పత్రాన్ని వెంట ఉంచుకోవాలనీ ఆర్డినెన్సు తెచ్చింది. 1906 సెప్టెంబర్ 11న జొహానెస్‌బర్గ్ సభలో భారతీయులు దీనికి లొంగబోమని ప్రతిజ్ఞ చేశారు. సత్యాగ్రహానికి అదే నాంది.

గాంధీ ఈ విషయంపై హెన్రీ గ్రంథాన్ని చదివాడు. చట్టరీత్యా వేలిముద్రలు తీసుకునేది నేరస్థుల నుంచేనని దాని వల్ల గ్రహించాడు. అయినా 1908 ఫిబ్రవరిలో, చట్టం రద్దవుతుందన్న ఒప్పందాన్ని నమ్మి, స్వచ్ఛందంగా తన ముద్రలు ఇచ్చాడు. ఇవ్వడానికి వెళుతుండగా తోటి భారతీయుల చేతిలోనే దెబ్బలు తిన్నాడు. మాట నిలబడకపోవడంతో 1908 ఆగస్టు 16న వందలాది మంది తమ పత్రాలను తగలబెట్టారు. గాంధీకి వేలిముద్ర మీద ద్వేషం లేదని దీన్ని బట్టి అర్థమవుతుంది. ఒక జాతి మొత్తాన్ని అనుమానితులుగా చూసి బలవంతం చేయడాన్నే ఆయన ఎదిరించాడు. ఈ తేడా గుర్తుంచుకోండి.

11.5 స్వతంత్ర భారతంలో నిఘా

1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టంలో ఒక ముఖ్యమైన రక్షణ ఉంది. అంతకుముందు శిక్ష పడనివారు విచారణ లేకుండా విడుదలైనా, నిర్దోషులుగా తేలినా, కోర్టు లేదా అధికారి వేరే ఆదేశం ఇవ్వకపోతే, వారి కొలతలు, ఫోటోలు నాశనం చేయాలి. అంటే రిజిస్టరు నుంచి బయటపడే దారి ఒకటి ఉంది. పోలీసు హిస్టరీ షీటు విషయంలో పరిస్థితి వేరు.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. అయినా అతని పేరున హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ కానిస్టేబుళ్లు, చౌకీదార్లు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపేవారు. ఊరు విడిచి వెళ్లాలంటే చెప్పి వెళ్లాలి. 1962 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాత్రి సోదాల నిబంధనను కొట్టివేసింది. అయితే మన రాజ్యాంగంలో గోప్యత హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ అభిప్రాయపడి, మిగిలిన నిఘాను అనుమతించింది.

ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. వారిలో భిన్నాభిప్రాయాన్ని రాసినవారు రాజమండ్రిలో జన్మించిన కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఎవరో నిరంతరం గమనిస్తున్నారన్న స్పృహతో నడిచే మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా నడవలేడన్నది ఆయన వాదన సారం. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత ఒక భాగమని ఆయన భావించారు.

1981లో మలక్ సింగ్ కేసులో మరొక తెలుగు న్యాయమూర్తి, అనంతపురం జిల్లా గుత్తిలో జన్మించిన ఓ. చిన్నప్పరెడ్డి మధ్యేమార్గం చూపారు. నేరాలను నివారించడానికి నిఘా అవసరమే, కానీ దానికి సహేతుకమైన కారణం ఉండాలి, పౌరుని స్వేచ్ఛను నలిపేసేంత దూరం అది వెళ్లకూడదు అన్నారు. మన ఊళ్లలో ‘రౌడీషీటు తెరిచారు’ అన్న మాట వినిపించినప్పుడు ఈ తీర్పును గుర్తుచేసుకోండి.

11.6 గోప్యత ప్రాథమిక హక్కు

ఆధార్ వివాదం నేపథ్యంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యతను నిరాకరించిన భాగాన్ని తోసిపుచ్చారు. మైనారిటీగా మిగిలిన సుబ్బారావు అభిప్రాయం 55 ఏళ్ల తరువాత దేశ న్యాయమైంది. గోప్యతలో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి జోక్యం ఉండకూడదు.

2022లో 1920 చట్టం స్థానంలో కొత్త గుర్తింపు చట్టం వచ్చింది. వేలిముద్రలతో పాటు కనుపాప చిత్రాలు, జీవ నమూనాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. రికార్డులను 75 ఏళ్లు ఉంచవచ్చు. నిర్దోషుల రికార్డుల తొలగింపు నిబంధన కొనసాగినా, న్యాయపరమైన మార్గాలన్నీ ముగిసేదాకా వేచి ఉండాలి. హైదరాబాదులో 2021 లాక్‌డౌన్ సమయంలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ముఖాన్ని గుర్తించే సాంకేతికత వినియోగాన్ని ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. 1897 నాటి పరిశోధకుడు నేరస్థలంలో దొరికిన ముద్రను రికార్డులతో పోల్చాడు. నేటి యంత్రం దారిన పోయే ప్రతి ముఖాన్నీ పోల్చగలదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వేలిముద్రలను హెర్షెల్ మొదట ఏ అవసరానికి వాడాడు?
2. 1911 చట్టం కింద వేలిముద్ర తీసుకోవడానికీ, జల్పాయిగురి కేసులో ముద్ర వాడకానికీ ఉన్న తేడా ఏమిటి?

11.7 సారాంశం

పింఛను మోసాలు ఆపడానికి, ఒప్పందాలు నిలబెట్టడానికి మొదలైన వేలిముద్ర పద్ధతి నేర పరిశోధనకు ఎంతో మేలు చేసింది. అదే పద్ధతి నేరస్థ జాతుల చట్టం చేతిలో, ఏ తప్పూ చేయని వేలాది కుటుంబాలను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. ‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అన్న మాటకు స్టూవర్టుపురం పెద్దలు, ఖరక్ సింగ్ తమ జీవితాలతోనే సమాధానం చెప్పారు. పోలీసుల చేతిలో ఏ సాధనమూ ఉండకూడదన్న వాదనకు జల్పాయిగురి కేసు సమాధానం. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ పౌరులు అడగవలసింది పాత ప్రశ్నలే. పేరు ఏ కారణంతో ఎక్కుతోంది? దానిని ప్రశ్నించడానికి కోర్టు తలుపు తెరిచి ఉందా? తీయించుకునే దారి ఎక్కడ? ఈసారి మీ వేలు యంత్రంపై పెట్టేటప్పుడు వీటిని ఒక్కసారి మననం చేసుకోండి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నేరస్థ జాతుల చట్టం తెలుగు ప్రాంతంపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
2. ఖరక్ సింగ్ కేసు నుంచి పుట్టస్వామి కేసు వరకు గోప్యతా హక్కు పరిణామాన్ని చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రాన్స్‌వాల్ ఆర్డినెన్సుపై గాంధీ అభ్యంతరం ఏమిటి?
2. మీ ఊరిలో లేదా పట్టణంలో ప్రజల వివరాలు నమోదు చేసే ఏదైనా ఒక పద్ధతిని, ఈ పాఠంలోని ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.