స్థలనామాలలో రాజధాని చరిత్ర: అమీర్‌పేట, పంజగుట్ట, ఎర్రమంజిల్

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణ తీరాన నెలకొల్పిన హైదరాబాదు చరిత్రను సాధారణంగా చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా వంటి కట్టడాల ఆధారంగా వివరిస్తారు. సందర్శకుల దృష్టి కూడా ప్రధానంగా వాటిమీదే నిలుస్తుంది. మూసీకి ఉత్తరాన ఉన్న అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతంలో అటువంటి కట్టడాలు తక్కువ. అక్కడ చరిత్రకు ముఖ్యాధారాలు స్థలనామాలే.

‘అమీర్‌పేట’లో పూర్వపదం అరబ్బీ, ఉత్తరపదం తెలుగు. నిజాముల కొలువులోని పాయిగా ప్రభువులకు ‘షంసుల్ ఉమ్రా’, ‘అమీరె కబీర్’ అనే బిరుదులుండేవి. వారి జాగీరు కావడంచేత ఈ పేటకు ఆ పేరు కలిగిందంటారు. పొరుగున ఉన్న బేగంపేట, ఆ వంశానికి కోడలైన రెండవ నిజాం కుమార్తె బషీరున్నీసా బేగం పేరిట ఏర్పడిందని ప్రసిద్ధి. ఈ రెండు పేర్లను కలిపి చదివితే ఒక రాచవియ్యం, దానితో ముడిపడిన భూమి హక్కు కనిపిస్తాయి.

‘పంజగుట్ట’లో ‘పంజా’ పారశీక పదం. అరచేయి అని అర్థం. ఇక్కడి గుట్టపై హజ్రత్ అలీ అరచేతి ముద్ర ఉన్నదన్న విశ్వాసమే ఈ పేరుకు మూలమని జనశ్రుతి. పీర్ల పండుగలో హస్తాకారపు పీర్లను ఎత్తే తెలంగాణ ప్రజలకు ఈ పదం పరాయిది కాదు.

వీటికంటె విశిష్టమైనది ఎర్రమంజిల్. సుమారు 1870లో నవాబు ఫక్రుల్‌ముల్క్ ఎర్రగుట్టగా పేరున్న మిట్టపై భవనం కట్టించి, ‘ఇరమ్ మంజిల్’ అని పేరు పెట్టాడు. ‘ఇరమ్’ ఇస్లామీయ సాహిత్య సంప్రదాయంలో స్వర్గతుల్యమైన ఉద్యానం. స్థానికుల ‘ఎర్ర’తో ధ్వనిసామ్యం ఉన్నందుననే ఆ పదాన్ని ఎంచుకున్నాడని చెబుతారు. జనవ్యవహారం దానిని మళ్ళీ ‘ఎర్రమంజిల్’గా మార్చుకున్నది. ఒకే ధ్వనిలో నవాబుకు స్వర్గం, గ్రామీణునికి మట్టిరంగు వినిపించాయి. ఇక్కడ జరిగినది కేవలం పదాల ఆదానం కాదు. ఉభయభాషల పరస్పర శ్రవణం.

2019లో ఈ భవనాన్ని కూల్చి శాసనసభా భవనం నిర్మించాలని ప్రభుత్వం నిర్ణయించగా, ఆ ఏడు సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. కట్టడానికి చట్టం అండ దొరికింది. నామాలకు అటువంటి రక్షణ లేదు. 1949లో జాగీర్లు రద్దయినవి. గుట్టలు నగరంలో కలిసిపోయినవి. నేడు అమీర్‌పేట, పంజగుట్ట, ఎర్రమంజిల్ మెట్రో రైలు మార్గంలో వరుస స్టేషన్లు. నిత్యం వేలమంది వినే ఈ పేర్ల వ్యుత్పత్తిని శాస్త్రీయంగా నమోదు చేయడం రాజధాని చరిత్ర రచనలో భాగమే. ఆ బాధ్యత ప్రధానంగా తెలుగు పరిశోధకులది.