పాత గోజ్: ఒక బెల్జియం పుల్లబీరు పేరు వెనుక కథ

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌కు నైరుతి దిక్కున, సెన్ నది లోయకు ఆనుకొని పయోటెన్‌లాండ్ అనే వ్యవసాయ ప్రాంతం ఉంది. ఈ ప్రాంతంలోనూ బ్రస్సెల్స్ నగరంలోనూ తయారయ్యే పుల్లని బీరును లాంబిక్ అంటారు. వేర్వేరు వయస్సుల లాంబిక్‌లను కలిపి, సీసాలో మళ్లీ పులియబెడితే వచ్చేది గోజ్. సీసామీద దానికి 'పాత' అనే విశేషణం ఉంటుంది. ఆ విశేషణం ఎప్పుడు, ఎందుకు వచ్చిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోజ్‌కు అతిప్రాచీనత ఆపాదించడం పరిపాటి. పీటర్ బ్రూగెల్ 1567 ప్రాంతంలో గీసిన 'పల్లె పెళ్లి' చిత్రంలో ఒక మనిషి పెద్ద కూజాలోనుంచి చిన్న కూజాల్లోకి పానీయం పోస్తుంటాడు. అది లాంబిక్కే అని చాలామంది రాశారు. అయితే కూజాలో ఏముందో చిత్రం చెప్పదు. లాంబిక్ అనే పేరు జాడ పత్రాల్లో 18వ శతాబ్దం నుంచే కనిపిస్తుంది. ఆ పేరు లెంబేక్ అనే ఊరినుంచి వచ్చిందని కొందరు, సారా బట్టీకి ఉన్న పేరునుంచి వచ్చిందని మరికొందరు అంటారు. ఇక సీసాలో పులిసే గోజ్ 19వ శతాబ్దపు వస్తువు. లోపలి ఒత్తిడిని తట్టుకునే దళసరి గాజు సీసా, గట్టి బిరడా అందుబాటులోకి వస్తేనే అది సాధ్యం. కాబట్టి పులియబెట్టే పద్ధతి పాతదే కాని, గోజ్ పారిశ్రామిక యుగపు బిడ్డ అని చెప్పాలి.

ఆ పద్ధతిని కొంత వివరంగా చూద్దాం. మొలకెత్తించిన బార్లీతోపాటు మొలకెత్తించని గోధుమ సుమారు మూడోవంతు వాడతారు. వీటినుంచి తీసిన తీపి ద్రవాన్ని హాప్స్ పూలతో గంటల తరబడి మరిగిస్తారు. ఆ పూలు తాజావి కావు, ఏళ్లు నిలవవేసినవి. వాటి చేదు చాలావరకు తగ్గిపోయినా, బీరును చెడిపోకుండా కాపాడే గుణం మిగిలి ఉంటుంది. తరువాత ఆ ద్రవాన్ని లోతులేని వెడల్పాటి తొట్టిలో పోసి, రాత్రంతా గాలికి ఆరనిస్తారు. వేసవి గాలిలో అక్కరలేని సూక్ష్మజీవులు ఎక్కువ కనుక ఈ పని అక్టోబరు మొదలు ఏప్రిల్ వరకే సాగుతుంది. ఎవరూ ఈస్టు కలపరు. గాలిలో ఉన్నవి, కొయ్య పీపాల్లో ఏళ్లుగా కాపురమున్నవి ఆ పని చేస్తాయి. మన ఇళ్లలో తరవాణి కుండ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. పాత కుండే పులుపును నిలుపుతుందని మన పెద్దలకు తెలుసు.

పీపాలో ఒక క్రమం ఉంది. 1970లలో లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని వివరించారు. మొదటి వారాల్లో ఒకరకం బాక్టీరియా, ఆపైన మామూలు ఈస్టు, వేసవి వచ్చాక పులుపునిచ్చే బాక్టీరియా, చివరకు బ్రెటనోమైసిస్ అనే ఈస్టు వరసగా పనిచేస్తాయి. ఈ చివరి ఈస్టు పేరుకూ ఒక కథ ఉంది. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాసెన్ 1904లో దీన్ని ఇంగ్లీషు బీర్లలో గుర్తించి, 'బ్రిటిష్ శిలీంధ్రం' అన్న అర్థంలో పేరు పెట్టాడు. 1921లో కుఫెరాత్, వాన్ లేర్ అనే ఇద్దరు లాంబిక్‌లో దొరికిన జాతికి బ్రస్సెల్స్ పేరు తగిలించారు. అలా ఒకే పేరులో రెండు దేశాలు చేరాయి.

పీపాలోని లాంబిక్‌కు పొంగు ఉండదు. గోజ్‌కు పొంగు తెచ్చేది కలపడంలోని నేర్పు. ఏడాది వయస్సున్న లాంబిక్‌లో ఇంకా పులియవలసిన చక్కెరలు ఉంటాయి. రెండు మూడేళ్ల లాంబిక్‌లో రుచి, వాటిని తినగల ఈస్టు ఉంటాయి. రెంటినీ తగిన పాళ్లలో కలిపి బిరడా బిగిస్తే, నెలల తరబడి సీసాలోనే వాయువు పుడుతుంది. పాలు తప్పితే రుచి చెడుతుంది, ఒక్కోసారి సీసా పగులుతుంది. అందుకే తాము కాచకుండా, ఇతరుల లాంబిక్ కొని కలపడమే వృత్తిగా జీవించిన కుటుంబాలు అక్కడ ఉండేవి. 1900లో బ్రస్సెల్స్‌లో మొదలైన కాంటియో సంస్థ కూడా మొదట అటువంటిదే.

ఇంతలో కాలం మారింది. 1883లో కార్ల్స్‌బర్గ్‌లోనే హాన్సెన్ ఒకే ఈస్టు కణంనుంచి శుద్ధమైన వర్ధనాన్ని సాధించాడు. ఏ పీపాలో చూసినా ఒకే రుచి, వారాల్లోనే సరుకు చేతికి రావడం ఆ విధానం తెచ్చిన లాభాలు. మూడేళ్లు పీపాలను కాచుకొని కూర్చునేవాడు ఆ పోటీకి నిలవడం కష్టం. 20వ శతాబ్దంలో జనం నాలుక తీపికి అలవాటుపడింది. పెద్ద కర్మాగారాలు లాంబిక్‌ను వడపోసి, తీపి కలిపి, వేడిచేసి సూక్ష్మజీవులను చంపి, అదే గోజ్ పేరుతో అమ్మాయి. 1965 నాటి బెల్జియం రాజశాసనం గోధుమ పాలు కనీసం 30 శాతం ఉండాలని, సహజంగా పులియాలని చెప్పింది కాని, తీపి కలపడాన్ని ఆపలేదు.

దాంతో పాత పద్ధతివారికి విచిత్రమైన స్థితి ఏర్పడింది. తమ పేరు ఇతరుల సరుకుకు చెల్లుబడి అయింది. తమ సరుకేమిటో చెప్పుకోవడానికి మరో మాట కావలసివచ్చింది. 1978లో కాంటియో తన బీరుశాలనే సంగ్రహాలయంగా తెరచి, తయారీని జనానికి చూపింది. 1997లో పలువురు తయారీదార్లు బేర్సెల్ ఊరి ఆర్మాండ్ డెబెల్డర్ చొరవతో ఒక మండలిగా ఏర్పడ్డారు. అదే ఏడాది ఐరోపా సమాఖ్య 'పాత గోజ్' అన్న పేరుకు రక్షణ కల్పించింది. ఆ పేరు పెట్టాలంటే కలిపిన లాంబిక్‌ల సగటు వయస్సు కనీసం ఏడాది ఉండాలి, అందులో పెద్దదానికి మూడేళ్లు నిండాలి. ఆ పేరును ఫ్రెంచిలోనూ డచ్చిలోనూ నమోదు చేశారు. గోజ్ మాటనే రెండు భాషలవారు రెండు విధాలుగా రాస్తారు. భాషాసరిహద్దును చట్టంతో గీసుకున్న ఆ దేశంలో ఇది సహజమే.

ఈ చరిత్రనుంచి గ్రహించవలసింది ఒకటుంది. 'పాత' అనే విశేషణం ప్రాచీనతకు గుర్తుగా పుట్టలేదు, కొత్తది పేరును ఆక్రమించినప్పుడు పుట్టింది. పూర్వం గోజ్ తయారుచేసినవాడు దాన్ని పాత గోజ్ అనవలసిన అవసరం లేదు. మీ ప్రాంతాల్లో 'తాతలనాటిది', 'అసలైనది' అన్న మాట వినబడినప్పుడు వస్తువు వయస్సెంత, పేరు వయస్సెంత, ఆ విశేషణం ఎవరి పోటీకి జవాబుగా వచ్చింది అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. మూడింటికీ ఒకే జవాబు రావడం అరుదు.