నీలం మాత్ర

పిక్క పట్టేస్తే మన ఇళ్ళల్లో దాన్ని జబ్బు కింద ఎవరూ లెక్కవెయ్యరు. "నరం మీద నరం ఎక్కిందిలే" అంటారు. కాలి బొటనవేలు పైకి విరిచి పట్టుకోమంటారు. కాస్త ఆముదం వెచ్చచేసి రాస్తారు, ఉప్పుమూటతో కాపడం పెడతారు. కడుపుతో వున్నవాళ్ళకి అర్ధరాత్రి పట్టేస్తుంది, రోజల్లా నిలబడి పనిచేసినవాళ్ళకి పట్టేస్తుంది, ఎండనపడి తిరిగొచ్చినవాళ్ళకి పట్టేస్తుంది. కాసేపు గిలగిల్లాడి, అది వదిలాక మళ్ళీ పనిలో పడతాం. అంతే.

ఈమధ్య మరో రకం పట్టేత మన వీధుల్లోకి వచ్చింది. వ్యాయామశాలలకి (జిమ్ములు అనాలి కాబోలు!) వెళ్ళే కుర్రాళ్ళలో కొందరికి నడుం దిగువనా, మోకాలి కింద ముందువైపూ, ముంజేతుల్లోనూ కండ రాయిలా బిగుసుకుపోతుంది. వంగి బూటుతాడు కట్టుకోవడం కూడా ప్రాణాంతకమవుతుంది. వాళ్ళ భాషలో దీని పేరు "పంపు". మామూలు పంపు అయితే వాళ్ళకి ముచ్చటే. బరువులు ఎత్తుతున్నప్పుడు రక్తం జోరుగా కండలోకి వస్తుంది, వచ్చినంత వేగంగా తిరిగిపోదు. అందులో నీరు కొంత కండలోకి ఊరుతుంది. కండ ఉబ్బి అద్దంలో అందంగా కనిపిస్తుంది, కొంతసేపటికి దిగిపోతుంది. కాని అనబాలిక్ స్టిరాయిడ్లు వాడేవాళ్ళ సంగతి వేరు. ఇవి మగవాళ్ళ హార్మోను టెస్టోస్టిరాన్‌ని పోలిన మందులు. వీటివల్ల కండ తొందర తొందరగా పెరుగుతుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, రక్తం చిక్కబడుతుంది. కండ చుట్టూ వుండే పొర మాత్రం అంత తొందరగా సాగదు. ఎదిగే పిల్లకి పోయినేటి జాకెట్టు తొడిగినట్టు లోపల వూపిరాడదు. ఆ నొప్పి అదీ!

"నవలలు రాసుకునేదానివి, ఈ కండల గొడవ నీకెందుకమ్మా?" అని మీరు అడగొచ్చు. నిజమే. డాక్టర్ని కాను, బరువులెత్తేదాన్ని అంతకంటే కాను. కాని ఈ మందుల చరిత్ర చదవడం మొదలుపెడితే వస్తాదుల కథ అనుకున్నది కాస్తా పద్నాలుగేళ్ళ ఆడపిల్లల కథగా తేలింది. అందుకని ఇక్కడ, ఈ పేజీల్లోనే చెప్పాలనిపించింది.

కథ 1889లో పారిస్‌లో మొదలవుతుంది. బ్రౌన్-సెకార్ అని పెద్ద పేరున్న శాస్త్రజ్ఞుడు. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. కుక్కల, గినీపందుల వృషణాలు నూరి, ఆ రసాన్ని తన ఒంట్లోకి సూదితో ఎక్కించుకున్నాడు. జూన్ 1న పండితుల సభలో నిలబడి, తనకి మళ్ళీ బలం వచ్చిందనీ, మెట్లు చకచకా ఎక్కేస్తున్నాననీ చెప్పాడు. నీళ్ళతో తీసిన ఆ రసంలో హార్మోను వుండేది దాదాపు శూన్యమని తరవాతివాళ్ళు తేల్చారు. నమ్మకమే ఆయన్ని మెట్లెక్కించింది! పాపం, మరో అయిదేళ్ళకే పోయాడు.

అసలు సరుకు దొరికింది 1935లో. ఆమ్‌స్టర్‌డామ్‌లో లాక్యూర్ బృందం ఎద్దు వృషణాలనుంచి టెస్టోస్టిరాన్‌ని వేరుచేసింది. అదే ఏడు బ్యూటెనాన్ట్, రుజీచ్కా అనే ఇద్దరు వేరువేరుగా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939లో ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. హిట్లర్ ప్రభుత్వం పుచ్చుకోనివ్వనందువల్ల బ్యూటెనాన్ట్‌కి ఆ పతకం 1949లోగాని చేతికి అందలేదు. అన్నట్టు మన కోడి రామ్మూర్తిగారు గుండెలమీద ఏనుగుని ఎక్కించుకున్న రోజులన్నీ ఈ 1935కి ముందువే. ఆయన బలానికి ఈ సీసాలతో ఏ సంబంధమూ లేదు!

పోటీల్లోకి ఈ మందులు రావడానికి అమెరికా రష్యాల పంతం తోడైంది. 1954లో వియన్నాలో బరువులెత్తే ప్రపంచ పోటీలకి అమెరికా జట్టుతో వెళ్ళిన డాక్టరు జాన్ జీగ్లర్‌కి, తమ వాళ్ళు టెస్టోస్టిరాన్ వాడుతున్నారని ఒక రష్యన్ డాక్టరు చెవిని వేశాడట. 1958లో సిబా కంపెనీవారి డయనబాల్ మాత్ర వచ్చింది. జీగ్లర్ దాన్ని కొద్ది కొద్దిగా తన కుర్రాళ్ళకి ఇచ్చి చూశాడు. ఆయన ఒకటి వేసుకోమంటే వాళ్ళు గుప్పెడు వేసుకున్నారు. ఆ తరవాత ఆ డాక్టరు తను చేసిన పనికి ఎంత బాధపడ్డా, సీసాలోంచి బయటికొచ్చిన భూతం మళ్ళీ లోపలికి పోలేదు.

ఇక్కడివరకూ ఇది పెద్దవాళ్ళ తెగింపు. తెలిసే మింగారు, తెలిసే అనుభవించారు. ఇక తూర్పు జర్మనీ సంగతి వేరు.

అక్కడ యేనా అనే వూళ్ళో యేనాఫార్మ్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ వుండేది. వాళ్ళు తయారుచేసిన మాత్ర పేరు ఓరల్-ట్యూరినబాల్. జబ్బుపడి చిక్కిపోయినవాళ్ళకి కండ పట్టడానికి ఉద్దేశించిన మందే, పాడు ఉద్దేశమేం కాదు. చూడ్డానికి చిన్న నీలం మాత్ర. 1960ల్లో అది క్రీడాకారుల చేతికి చేరింది. 1974లో ప్రభుత్వం దీన్ని ఏకంగా ఒక రహస్య ప్రణాళిక చేసేసింది. "14.25" అని ఒక నంబరు, అంతే, పేరు కూడా లేదు. మాత్రలకి కూడా మందు అన్న పేరు లేకుండా "సహాయక సాధనాలు" అని మర్యాదగా పిలిచేవారు. ఆటల పాఠశాలల్లో, ఈత కొలనుల పక్కన, కోచ్ చేతిమీదుగా పిల్లలకి ఇచ్చేవారు. "ఏమిటండీ ఇది?" అని అడిగితే, "విటమిన్లమ్మా, వేసుకో" అనేవారు. ఇంటికి పట్టుకెళ్ళకూడదు, అమ్మానాన్నలకి చెప్పకూడదు. మొత్తంమీద పదివేలమంది క్రీడాకారులు ఇలా మందు మింగి వుంటారని ఒక అంచనా.

ఆడపిల్లలకే ఎక్కువ ఎందుకిచ్చారంటే, లెక్క చాలా తేలిక. మగవాడి ఒంట్లో ఆ హార్మోను ఎలాగూ వుంటుంది. ఆడదాని ఒంట్లో వుండేది చాలా తక్కువ. కాబట్టి కొంచెం పోస్తే చాలు, ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తూర్పు జర్మనీ ఆడపిల్లలకి ఈతలో ఒక్క బంగారు పతకం కూడా రాలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1976 మాంట్రియాల్‌లో, పదమూడు పోటీల్లో పదకొండు వాళ్ళవే!

లోకం నోరెళ్ళబెట్టి చూసింది. ఆ భుజాలేమిటి, ఆ గొంతులేమిటి అని అడిగితే, "మా పిల్లలు ఈదడానికి వచ్చారు, పాటలు పాడటానికి కాదు" అని వాళ్ళ తాలూకు పెద్దమనిషి ఒకాయన జవాబు చెప్పాడంటారు. అమెరికా అమ్మాయి షర్లీ బాబషోఫ్ ఒక్కతే, ఇందులో ఏదో మోసముందని పైకి అనేసింది. ఆమెకి ఆ పోటీల్లో నాలుగు వెండి పతకాలూ, జట్టుతో కలిసి ఒక బంగారు పతకమూ వచ్చాయి. ఓడిపోయి ఏడుస్తోందని పత్రికలు ఎగతాళి చేశాయి. "చిటపటల షర్లీ" అని పేరు కూడా పెట్టాయి. నిజం చెప్పిన ఆడదానికి మొదట దొరికేది పేరే కదా!

ఆ మాంట్రియాల్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచిన కార్నీలియా ఎండర్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. చాలాకాలం తరవాత, 1991లో, ఆవిడ ఒక సంగతి బయటపెట్టింది. తనకి సూదులు వేసేవారట. అలసట తీరి, కండలు కోలుకోవడానికని చెప్పేవారట. ఈ మాట చదివినప్పుడు నా మనసు కలుక్కుమంది. రోజూ గంటలకొద్దీ నీళ్ళలో ఈది, ఒళ్ళు హూనమైన పిల్ల "నొప్పిగా వుందండీ" అంటే ఎవరైనా ఏం చేస్తారు? నొప్పికి మందని చెప్పి ఇస్తే ఏ పిల్ల కాదంటుంది? నొప్పి తగ్గడమన్న ఆశే అక్కడ వలలో ఎర అయింది. తమాషా ఏమిటంటే, కండలు బిగుసుకుపోవడం ఆ మందు చేసే హాని జాబితాలోనే వుంది. మొటిమలు, గొంతు బొంగురుపోవడం, ఒంటిమీద వెంట్రుకలు, నెలసరి ఆగిపోవడం, కాలేయం దెబ్బతినడం, అన్నిటితోపాటు ఇదీనూ. మాన్‌ఫ్రెడ్ హోప్నర్ అనే డాక్టరు ఈ వ్యవహారానికి పెద్ద. ఆయనే రహస్య పోలీసులకి వేగుగా కూడా పనిచేస్తూ, ఆడపిల్లల్లో వస్తున్న ఈ మార్పుల్ని తన నివేదికల్లో రాసి పంపుతూ వచ్చాడు. అంటే తెలియక చేసింది కాదు. పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

రీకా రైనిష్ 1980 మాస్కోలో మూడు బంగారు పతకాలు గెలిచింది. పదిహేనేళ్ళ పిల్ల. అండాశయాలు జబ్బుచేసి, ఆ తరవాత ఎంతోకాలం కాకుండానే ఈత మానేసింది. మాన్పించింది వాళ్ళమ్మ. దేశం మొత్తం పతకాలు లెక్కపెట్టుకుంటూ వుంటే, ఒక్క తల్లి మాత్రం కూతురి మొహం చూసింది.

ఈ కాగితాలన్నీ బయటికి వచ్చినదీ ఒక ఆడమనిషి పట్టుదలవల్లే. బ్రిగిట్టె బెరెండోంక్ తూర్పు జర్మనీలో పుట్టి పడమటికి వెళ్ళిపోయిన క్రీడాకారిణి. ఈ మందుల సంగతి 1969లోనే పత్రికలో రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. గోడ కూలాక 1990లో ఆవిడ భర్త, హైడల్‌బర్గ్ శాస్త్రజ్ఞుడు వెర్నర్ ఫ్రాంకె, ఒక మిలిటరీ వైద్య సంస్థలో దాచివున్న పరిశోధన పత్రాలు సంపాదించాడు. ఎవరికి ఏ ఏడు ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో అన్నీ పద్దు రాసిపెట్టారు మహానుభావులు! ఆ లెక్కలతో బెరెండోంక్ 1991లో పుస్తకం వేసింది.

2000లో బెర్లిన్‌లో విచారణ జరిగింది. క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్ట్‌కి ఇరవై రెండు నెలలు, హోప్నర్‌కి పద్దెనిమిది నెలలు శిక్ష వేశారు. రెండూ జైలుకి వెళ్ళనక్కరలేని శిక్షలే. 2002లో జర్మన్ ప్రభుత్వం ఇరవై లక్షల యూరోల నిధి పెట్టి, 194 మందికి తలా పదివేల పైచిలుకు ఇచ్చింది. 2006లో కంపెనీ కూడా కొంత ఇవ్వడానికి ఒప్పుకుంది. పిల్లలు పుట్టని కడుపుకీ, పాడైపోయిన కాలేయానికీ ఏ లెక్కన వెల కట్టారో నాకు బోధపడలేదు.

ఇప్పుడు ఆ నీలం మాత్ర తాలూకు చుట్టాలన్నీ మన వూళ్ళకీ వచ్చేశాయి. ఇక్కడ ప్రభుత్వం బలవంతం లేదు. జిమ్ములో "అన్నా" అని పిలిపించుకునే ఒకాయన చాలు. అందుకని, తెలిసిన డాక్టరమ్మని అడిగి తెలుసుకున్న నాలుగు ముక్కలు చెప్తాను. కండ పట్టేస్తే వెంటనే బరువు దించెయ్యాలి. నడుం అయితే వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పెట్టుకోవాలి. పిక్క అయితే పాదం మెల్లిగా తనవైపు లాక్కోవాలి. కాపడం, నెమ్మదిగా నాలుగడుగులు, ఉప్పు వేసిన మజ్జిగ, ఇవన్నీ ఉపశమనమే. కాని నొప్పి పుట్టించే మందు ఒంట్లో వున్నంతకాలం అది మళ్ళీ వస్తుంది. పొటాషియం బిళ్ళలు సొంత వైద్యంగా మింగితే గుండెకే ముప్పు. కండలు తేలి కనపడాలని నీరు లాగేసే బిళ్ళలు వేసుకుంటే పట్టేతలు ఇంకా ఎక్కువవుతాయి. 1992లో బెనజీజా అనే పేరుమోసిన కండల వీరుడు నెదర్లాండ్స్‌లో పోటీ గెలిచిన కాసేపటికే, ఒంట్లో నీరు ఇంకిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా వున్నా, ఆముదాలూ మర్దనాలూ పెట్టుకు కూర్చోక అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మొదటిది కండ కరిగి మూత్రపిండాల్ని చెడగొట్టడం కావచ్చు, రెండోది రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఏం వాడుతున్నాడో డాక్టరుకి దాచకుండా చెప్పించాలి. ఇది మాత్రం కష్టం. వాళ్ళు అమ్మకి అసలే చెప్పరు. తిట్లకి భయపడి కొంత, సిగ్గుపడి కొంత. తిట్టకుండా అడిగితే చెప్తారేమో.

మళ్ళీ బెర్లిన్ సంగతి ఒక్కటి మిగిలిపోయింది. హైడీ క్రీగర్ అనే అమ్మాయి 1986లో స్టుట్‌గార్ట్‌లో ఇనపగుండు విసిరి యూరప్ ఛాంపియన్ అయింది. పదహారేళ్ళ వయసునుంచి ఆమెకి ఈ మాత్రలు ఇచ్చారు. 1997లో శస్త్రచికిత్స చేయించుకుని ఆండ్రియాస్ అనే పేరుతో మగవాడిగా జీవితం మొదలుపెట్టాడు. తన గురించి తను నిర్ణయించుకునే హక్కునే ఆ మాత్రలు లాగేసుకున్నాయని ఆయన ఫిర్యాదు. విచారణకి వెళ్ళినప్పుడు అక్కడ ఊటె క్రౌజె అని, ఒకప్పటి ఈతగత్తె కనిపించింది. ఆమెకీ అవే నీలం మాత్రలు. ఇద్దరూ పెళ్ళిచేసుకున్నారు. ఆయన 1986 నాటి బంగారు పతకాన్ని ఇంట్లో పెట్టుకోలేదు. ఈ మందుల మీద పోరాడేవాళ్ళకి జర్మనీలో ఒక బహుమతి ఏర్పాటు చేస్తే, అందులో పొదగమని ఇచ్చేశాడు. ఆ బహుమతికి హైడీ క్రీగర్ పతకం అనే పేరు పెట్టారు.