పడవకి బండి కావాలి

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే మినెసోటా నుంచి మా బావ ఫోన్. మామూలుగా అయితే ప్లాట్ల రేట్లు, లేదంటే గ్రీన్ కార్డు కబుర్లు. ఈసారి మాత్రం, "ఒరేయ్, వచ్చే ఏడాది ఇండియా వచ్చేస్తున్నాం. పాలేరులో తిప్పుకోడానికి చిన్న పడవ ఒకటి కొనాలనుంది. దాన్ని వెనకాల తగిలించుకుని లాగడానికి ఏ బండి తీసుకోమంటావ్?" అన్నాడు.

పాలేరంటే మా కుసుమంచి మండలంలో ఉన్న రిజర్వాయర్. సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్ళేటప్పుడు నాయకన్‌గూడెం దగ్గర కనిపించే నీళ్ళు అవే. పడవ తిప్పుకోడానికి అనుమతి ఇస్తారా లేదా అన్నది వేరే కథ. నన్ను అడిగింది బండి గురించి కాబట్టి ఆ సంగతే చూద్దామనుకున్నాను. రిక్వైర్‌మెంట్స్ రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేని జబ్బు ఒకటుంది కదా మనకి! లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను.

పద్నాలుగు అడుగుల పడవ, దానికో చిన్న మోటారు, పెట్రోలు, ట్రైలర్, అన్నీ కలిపితే నాలుగైదు క్వింటాళ్ళు. ఈ మాత్రానికి పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. లాగడం తేలికే, కష్టం ఆపడంలో ఉంది. బ్రేకుల్లేని ట్రైలర్ ఉంటే, మన బండి బ్రేకులే వెనకనున్న అర టన్నుని కూడా ఆపాలి. ఇక బరువు ఎక్కడ పెట్టామన్నది ఇంకో ముఖ్యమైన లెక్క. మొత్తం బరువులో పదో వంతుకి కాస్త పైగా బండి కొక్కెం మీద పడాలి. అలా కాకుండా ట్రైలర్ వెనకవైపు ఎక్కువైందనుకోండి, స్పీడు పెరిగేకొద్దీ అది పాములాగా ఊగుతుంది. బండిని కూడా ఊపేస్తుంది.

అసలు పరీక్ష ఒడ్డు దగ్గర. పడవని దించాలంటే బండిని రివర్స్‌లో నీళ్ళ వైపు దించాలి. అంటే ముందు చక్రాలు ఎగువన, వెనక చక్రాలు దిగువన. మన కార్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. ఆ వాలులో బరువంతా వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికైపోతాయి. కింద పాచి ఉంటే ఇక గిర్రున తిరగడమే తప్ప ఎక్కడం ఉండదు. ఇంకోటి, రోడ్డు మీద పరిగెత్తి వేడెక్కిన ట్రైలర్ చక్రాలని వెంటనే చన్నీళ్ళలో ముంచితే, బేరింగుల లోపలి గాలి కుంచించుకుని సందుల్లోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే కాసేపు ఆగి దించమంటారు.

ఇవన్నీ చూసుకుని, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న రెండు మూడు బండ్ల పేర్లు రాసుకుని, మాన్యువల్‌లో ఎంత బరువు లాగొచ్చని ఇచ్చారో చూసుకోమని కూడా రాసి, పంపేముందు ఒక్కసారి ఊళ్ళో మా బాబాయికి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "బాగానే ఉందిరా. మరి నీళ్ళ దాకా తోవేది?" అన్నాడు.

నాకు సమాధానం తట్టలేదు. నిజమే. మినెసోటాలో చెరువు చెరువుకీ పడవ దించే సిమెంటు వాలు ఉంటుంది, అక్కడి బండి ఆ వాలుకి తగ్గట్టు తయారైంది. మనకి కట్ట, కట్ట కింద రాళ్ళు, అది దాటితే రేగడి బురద. బండి గురించి అడగాల్సిన ప్రశ్నే నేను అడగలేదన్న మాట. అప్పుడు, అసలు మన వైపు పడవల్ని నేల మీద ఎవరు లాగారు, ఎలా లాగారు అని చూడబోతే కథ చాలా దూరం పోయింది.

మన వాళ్ళు పడవని నేల మీద లాగే బాధ పెట్టుకోలేదు. మోయగలిగినంత పడవే చేసుకున్నారు. పుట్టి అయితే బోర్లించి నెత్తి మీద పెట్టుకుని పోవచ్చు. ఇప్పుడు మా చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళు థర్మాకోల్ తెప్పని మోపెడ్ వెనకాల కట్టుకుని పోతుంటారు. రోడ్డు మీద చూస్తే బండి కంటే సామానే పెద్దదిగా కనిపిస్తుంది. మోయలేనంత పెద్ద పడవని నీళ్ళలోనే ఉంచి, ఒడ్డున నడుస్తూ తాడుతో లాగారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు సాగుకే కాదు, రవాణాకీ రోడ్లయ్యాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగేవాళ్ళు. అంటే, పడవని లాగడానికి మనం వాడిన మొదటి 'వాహనం' మనిషే.

అదే ఆర్థర్ కాటన్‌కి ఇంకో పెద్ద కల ఉండేది. గోదావరి మీదుగా పడవలు భద్రాచలం దాటి, వార్ధా నది దాకా, మధ్య పరగణాల పత్తి నేలల దాకా పోవాలని. అడ్డం ఏమిటంటే నది మధ్యలో మూడు చోట్ల రాతి వరసలు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది దేవలమర్రి దగ్గర. 1860లలో కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో పనులు జరిగాయి. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టి, పడవలు రాళ్ళని తప్పించుకుని పోయేందుకు పక్కన లాకుల కాలువ తవ్వారు. అడవి, జ్వరాలు, కూలీల కొరత, పెరిగిపోయిన ఖర్చు. 1871లో మొత్తం పథకాన్నే వదిలేశారు. ఆ ఆనకట్ట ఇప్పటికీ ఉంది.

ఆ కథలో నాకు పట్టిన విషయం ఒకటే. వందల మైళ్ళు నీళ్ళ మీద పోగలిగిన పడవ, ఆ రాళ్ళ దగ్గర ఆగిపోయింది. అక్కడ సరుకు దించి బండెక్కించి అవతల మళ్ళీ పడవకెక్కించాలి, లేదా కాలువ తవ్వాలి. మన భాషలో చెప్పాలంటే, సిస్టం మొత్తం ఆ రాళ్ళ మీద ఆధారపడింది. ఈలోగా రైలొచ్చింది. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి ఖమ్మం మీదుగా బెజవాడకి పట్టాలు పడ్డాయి. తర్వాత రోడ్లు, లారీలు. పడవ మెల్లగా రవాణాలోంచి తప్పుకుని చేపల వేటకీ, రేవు దాటడానికీ మిగిలింది. మా పాలేరు కూడా అంతే. నిజాం కాలం నాటి జలాశయం, సాగర్ ఎడమ కాలువకి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అయింది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. నీళ్ళొచ్చాయి, చేపలొచ్చాయి, పడవలూ ఉన్నాయి. కానీ ఆ పడవలు పుట్టిన నీళ్ళలోనే పాతబడి పోతాయి. వాటికి చక్రాలతో పనిలేకుండా పోయింది.

పనెప్పుడు పడుతుందో చెప్పడానికి ఒక పాత ఇంగ్లండు కథ చెప్పాలి. 1899 జనవరి 12 రాత్రి, లిన్‌మత్ అనే సముద్రపు పల్లెకి, ఫారెస్ట్ హాల్ అనే ఓడ తుఫానులో చిక్కుకుందని కబురొచ్చింది. ఓడలో పద్దెనిమిది మంది. ఊళ్ళో లూయిసా అనే లైఫ్‌బోట్ ఉంది, తెడ్లు వేసేవాళ్ళూ ఉన్నారు. కానీ అలల దెబ్బకి ఆ రేవులో పడవ దించే వీల్లేదు. పడవ సారథి జాక్ క్రోకోంబ్, "నేల మీద పోర్లాక్ దాకా లాక్కెళ్ళి అక్కడ దించుదాం" అన్నాడు. పదమూడు మైళ్ళు! మధ్యలో నిట్టనిలువు కొండ. ఇరవై దాకా గుర్రాలు, వంద మంది దాకా జనం. కొందరు పలుగూ పారా పట్టుకుని ముందే వెళ్ళి దారి వెడల్పు చేశారు. సందు ఇరుకైన చోట పడవని బండి మీంచి దించి, కింద చెక్కలు పరిచి జరిపారు. ఒక చోట అడ్డమొచ్చిన గోడ పడగొట్టారు. రాత్రంతా లాగి తెల్లవారేసరికి పడవని సముద్రంలో దించి, తిండీ నిద్రా లేని ఆ మనుషులే తెడ్లు వేసుకుంటూ ఓడ దగ్గరకి పోయారు. ఓడలో అందరూ బతికారు. నాలుగు గుర్రాలు మాత్రం ఆ శ్రమకి చచ్చిపోయాయి. ఆ లైఫ్‌బోట్ల సంస్థ తర్వాత 1920లో గుర్రాల బదులు ట్రాక్టర్‌ని పెట్టి పరీక్షించి చూసింది. ఇసకలో, నీళ్ళలో అది పనికొచ్చింది. అప్పటి నుంచి క్రమంగా గుర్రాలు తప్పుకున్నాయి.

ఇక మన కాలానికి వస్తే, 2018 ఆగస్టులో కేరళ వరదలప్పుడు సముద్రపు జాలర్లు తమ పడవల్ని లారీలకెక్కించుకుని చెంగన్నూరు, ఆలువ లాంటి లోపలి ఊళ్ళకి పోయారు. అక్కడి ప్రభుత్వం చెప్పిన లెక్క 669 పడవలు. ఆ పడవలు కాపాడిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. టీవీలో మనం చూసింది పడవల్నే. వాటిని రాత్రికి రాత్రి అక్కడికి చేర్చిన లారీ డ్రైవర్లని, చేతుల మీద ఎత్తి ఎక్కించిన వాళ్ళని ఎవరు చూశారు?

మరి మన దగ్గర? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీళ్ళు అదే. అప్పుడు వారధి మీద రాకపోకలు ఆపేశారు. ఎంత మంచి బండైనా, ఎంత మంచి పడవైనా, అవతలి ఒడ్డున ఉంటే లేనట్టే కదా.

2024 సెప్టెంబరు 1. ఈ తేదీ మా వైపు ఎవరూ మర్చిపోరు. ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకి తెగించి నీళ్ళలోకి పోయి వాళ్ళందర్నీ తీసుకొచ్చాడు. అదే రోజు మా మండలంలో, నాయకన్‌గూడెం దగ్గర, పాలేరు వరదలో ఒక కుటుంబం ముగ్గురూ చిక్కుకున్నారు. కొడుకు బయటపడ్డాడు. తల్లీ తండ్రీ కొట్టుకుపోయారు. సూర్యాపేట-ఖమ్మం రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. చిన్న పడవ ఉంటే ఆ ఇద్దరూ బతికేవాళ్ళని నేను అనను. ఆ వడిలో చిన్న పడవ తానే నిలవదు. ఇంట్లో కూర్చుని అలాంటి తీర్పులివ్వడం తప్పు కూడా. కానీ ఆ రోజు నుంచీ ఒక ఆలోచన నన్ను వదల్లేదు. మా చుట్టుపక్కల పడవలున్నాయి, బండ్లున్నాయి. ఈ పడవని ఆ బండి మీద పెట్టి గంటలో ఫలానా చోటికి చేర్చగలమా అని ముందే ఒక్కసారైనా చూసుకున్న ఊరు ఎన్ని?

సర్వర్ బ్యాకప్ తీస్తాం గానీ, రిస్టోర్ అవుతుందో లేదో ఎప్పుడూ చూడం. ఇదీ అలాంటిదే.

మళ్ళీ బావ ప్రశ్న దగ్గరికొస్తాను. మా బాబాయితో కూర్చుని తేల్చిన లెక్క ఇది. ఒడ్డు దగ్గర పనికి ట్రాక్టరే సరి. దాని బరువు, ఊపు రెండూ ఆ పెద్ద వెనక చక్రాల మీదే ఉంటాయి, పడవ ఉండేదీ అటే. మొదటి గేరులో మెల్లగా దిగుతుంది, బురదలో పట్టు దొరుకుతుంది. చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్ళోనే ఉంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, నడపడం వచ్చినవాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. లోపం ఏమిటంటే రోడ్డు మీద నడక నిదానం. పైగా మన ట్రాలీలకి బ్రేకులుండవు, చాలావాటికి వెనక లైటూ ఉండదు. కాబట్టి కుసుమంచి నుంచి ఖమ్మం లాంటి పాతిక కిలోమీటర్ల దూరానికి లాక్కుపోవడం కంటే ఎక్కించుకుపోవడం మేలు. 2005లో వచ్చిన టాటా ఏస్ మన ఊళ్ళ రవాణానే మార్చేసింది గానీ, దాని తొట్టి పొడవు ఏడడుగులే. పద్నాలుగు అడుగుల పడవలో సగం బయటికి వేలాడుతుంది. మనం డీసీఎం అని పిలిచే చిన్న లారీ అయితే చక్కగా సరిపోతుంది (ఆ కంపెనీ లారీలు చేయడం మానేసి ఎన్నేళ్ళైందో, పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది). ఎక్కించడానికి నలుగురు మనుషులు, కట్టడానికి గట్టి మోకులు, పడవ అడుగు రాసుకోకుండా నాలుగు పాత టైర్లు. అంతే.

బావకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఐతే నన్ను ట్రాక్టర్ కొనుక్కోమంటావా?" అన్నాడు.

"కొనక్కర్లేదు బావా, బాబాయికి ఉంది. నువ్వు ఆ బండికి పెడదామనుకున్న డబ్బుల్లో కొంచెం తీసి, బ్రేకులూ లైట్లూ ఉన్న మంచి ట్రైలర్ ఒకటి చేయిద్దాం. కొక్కెం ట్రాక్టర్‌కీ జీపుకీ రెండిటికీ పట్టేలా. పడవ దాని మీదే ఉండాలి, షెడ్డులో దాచడం కాదు. ఏటా వానలు మొదలయ్యే ముందు ఒకసారి దించి, ఎక్కించి చూడాలి" అన్నాను.

"మరి నేను తిప్పుకునేదెప్పుడురా?"

"ఆదివారాలు."

పక్కనే కూర్చుని వింటున్న మా బాబాయి, "ముందు కట్ట దగ్గర తోవ సంగతి అడగమను" అన్నాడు. అది నిజంగానే ఇంకా తేలలేదు. వచ్చే నెల ఊరెళ్ళినప్పుడు, ట్రాక్టర్ వేసుకుని ఖాళీ ట్రాలీతో నీళ్ళ అంచు దాకా ఎక్కడ దిగొచ్చో చూసి రావాలని అనుకున్నాం.