వాలు నేలల్లో ట్రాక్టరు నిలకడ

బెంగళూరుకు తూర్పున వైట్‌ఫీల్డ్ రోడ్డులో ఉన్న మహదేవపుర నేడు సాఫ్ట్‌వేరు కార్యాలయాలకు పేరుపొందింది. వ్యవసాయదారులకు మాత్రం ఆ పేరు మరొక విధంగా పరిచితం. జపాన్‌కు చెందిన మిత్సుబిషి సహకారంతో 1967లో ఏర్పడిన వి.ఎస్.టి. టిల్లర్స్ ట్రాక్టర్స్ సంస్థ ఇక్కడి నుండే పవర్ టిల్లర్లను, అనంతర కాలంలో చిన్న ట్రాక్టర్లను రైతులకు అందించింది. తరువాత ఉత్పత్తి మాలూరు, హోసూరులకు విస్తరించింది.

కోలారు, చిత్తూరు, కృష్ణగిరి సరిహద్దు ప్రాంతాలలో కమతాలు చిన్నవి, నేల ఎగుడుదిగుడు. ఇటువంటి చోట చిన్న యంత్రం ఎంతో సౌకర్యం. అయితే చిన్నది గనుక బోల్తా పడదని భావించడం ప్రమాదకరం. సాళ్ల మధ్య నడవడానికి చక్రాల ఎడం తగ్గించిన కొద్దీ పక్కకు ఒరిగే అవకాశం పెరుగుతుంది.

నిలకడకు ఆధారం

యంత్రం బరువంతా ఒకచోట కేంద్రీకృతమైనట్లు భావించే బిందువే గురుత్వ కేంద్రం. దాని నుండి నిట్టనిలువుగా గీసిన గీత చక్రాల ఆధారం లోపల పడినంతవరకు ట్రాక్టరు నిలుస్తుంది. వెలుపల పడితే ఒరుగుతుంది. ముందు ఇరుసు మధ్యలో ఒకే కీలుపై ఊగుతుంది. కాబట్టి ఆరంభంలో ఆ ఆధారం నాలుగు మూలల చతురస్రం కాదు. రెండు వెనుక చక్రాలను, ముందు కీలును కలిపే త్రిభుజం మాత్రమే.

ఉదాహరణకు వెనుక చక్రాల ఎడం 120 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుంటే, లెక్క ప్రకారం సుమారు 38 డిగ్రీల వాలు వరకు యంత్రం నిలవాలి. త్రిభుజాన్ని బట్టి ఇది ఇంకా తగ్గుతుంది. అయినా అంత నిటారు నేలను ఎవరూ దున్నరు. మరి ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి?

లెక్క తప్పించే కారణాలు

కింది వైపు చక్రం 15 సెంటీమీటర్ల గుంతలో దిగితే, పై ఉదాహరణలోని ట్రాక్టరు మరో 7 డిగ్రీలు ఒరుగుతుంది. అదే సమయంలో పై చక్రం రాయి ఎక్కితే ఒరుగు ఇంకా పెరుగుతుంది. మలుపులో వేగం రెట్టింపైతే పక్కకు తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పైకెత్తిన పనిముట్టు గురుత్వ కేంద్రాన్ని కూడా పైకి తీసుకుపోతుంది.

భూసార పరిరక్షణకు వాలుకు అడ్డంగా దున్నాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. అది సరైన మాటే. కానీ అడ్డంగా నడిచేటప్పుడే యంత్రం పక్కకు పడే అవకాశం అధికం. కనుక మెరక తక్కువైన నేలలకే ఆ పద్ధతి తగును. నిటారు చెక్కలను మామిడి వంటి తోటలకు విడిచిపెట్టడం మేలు.

వెనుకకు తిరగబడడం

ఇది మరింత ఘోరమైనది. బురదలో వెనుక చక్రాలు కదలనప్పుడు ఇంజను బలం ఇరుసు చుట్టూ ట్రాక్టరునే పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచిన తరువాత ముప్పాతిక సెకనులోనే అది తిరిగి కిందికి రాలేని స్థితికి చేరవచ్చు. డ్రైవరు క్లచ్ తొక్కే లోపే అంతా ముగుస్తుంది. లాగవలసిన బరువును డ్రాబారుకే తగిలించాలి. ఇరుసుకు గాని, పై లింకుకు గాని గొలుసు కట్టరాదు. బురద నుండి బయటపడేందుకు వెనుక చక్రాలకు దుంగలు కట్టడం ప్రాణాంతకం.

పాటించవలసినవి

• వీలైన చోట వెనుక చక్రాల ఎడం పెంచాలి; టైర్లలో నీరు నింపితే బరువు కిందికి చేరుతుంది.
• దిగుడులో న్యూట్రల్‌లో గాని, క్లచ్ తొక్కి గాని నడపరాదు. ముందుగానే తక్కువ గేరు వేయాలి.
• రోడ్డుపై రెండు బ్రేకు పెడళ్లను కలిపి బిగించాలి.
• కాలువ గట్టు నుండి కనీసం ఆ కాలువ లోతంత దూరం పాటించాలి.
• మడ్‌గార్డుపై ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, కూర్చోబెట్టరాదు.

పవర్ టిల్లరు విషయంలో మరొక జాగ్రత్త అవసరం. సమనేలపై ఎడమ క్లచ్ నొక్కితే యంత్రం ఎడమకు తిరుగుతుంది. దిగుడులో అదే చక్రం స్వేచ్ఛగా వేగంగా దొర్లి, యంత్రాన్ని కుడికి తిప్పవచ్చు. అలవాటు చొప్పున నొక్కినవారు గట్టు కిందికి పోతారు.

ప్రాణరక్షక చట్రం

స్వీడన్‌లో 1959 నుండి కొత్త ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం తప్పనిసరి అయింది. తదనంతర కాలంలో బోల్తా మరణాలు అక్కడ గణనీయంగా తగ్గాయి. చట్రం ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి. చట్రం లేని ట్రాక్టరులో బెల్టు కట్టుకోరాదు. తోటల్లో కొమ్మలు తగలకుండా మడిచే చట్రాలు కూడా ఉన్నాయి. అయితే మడిచి ఉన్నంతసేపు వాటివల్ల రక్షణ లేదు.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ రైతులకు, యువకులకు యంత్రాల నిర్వహణలో శిక్షణ ఇస్తున్నది. యంత్రం కొనేవారు అశ్వశక్తితో పాటు చక్రాల ఎడం, చట్రం ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి. తమ పొలంలో అతి నిటారైన చోటు ఏదో ముందుగా నడిచి చూసుకొన్న పిమ్మటే తాళం తిప్పడం శ్రేయస్కరం.