చేతిపిడి కవ్వం

మన ఇండ్లలో పెరుగు చిలికే పద్ధతి ఎరుగనివారు అరుదు. స్తంభానికి కట్టిన వలయాలలో కవ్వపు కోల నిలువుగా నిలుస్తుంది. కోలకు రెండు మూడు చుట్లు త్రాడు చుట్టి ఇల్లాలు ఒక కొసను కుడిచేతితో లాగుతుంది, ఆ వెంటనే రెండవ కొసను ఎడమచేతితో లాగుతుంది. కవ్వం ఒకమారు ఇటు, ఒకమారు అటు తిరుగుతుంది. క్షీరసాగర మథన కథలో మంధర పర్వతం కవ్వమై, వాసుకి త్రాడైనప్పుడు దేవతలొక ప్రక్క, రాక్షసులొక ప్రక్క నిలిచి లాగినది కూడ ఇట్లే. ఆ కథను చెప్పినవారు ప్రతిదినం తెల్లవారుజామున తమ ఇంటిలో వినే చప్పుడును మరువలేదు. చిలికే కుండకు మన పూర్వులు తరికుండ అని పేరు పెట్టినారు. వెంగమాంబ పుట్టిన తరిగొండకు ఆ పేరు తరికుండ నుంచే వచ్చినదని అక్కడి స్థలకథ.

ఈ ఇటూ అటూ తిరగడంలో ఒక రహస్యమున్నది. చేతిపిడితో త్రిప్పే కవ్వాన్ని కల్పించిన పాశ్చాత్యులు సుమారు రెండు శతాబ్దాలు ఏ చిక్కుతో కుస్తీ పట్టినారో, ఆ చిక్కు మన త్రాటికవ్వానికి మొదటినుంచీ లేదు. వారి కథే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా వెన్న ఎట్లా పడుతుందో కొంచెం తెలుసుకోవాలి. పాలలోని కొవ్వు అతి సన్నని బిందువుల రూపంలో ఉంటుంది. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత ఉంటుంది సగటు బిందువు. ప్రతి బిందువు చుట్టూ పలుచని పొర ఉన్నది. ఆ పొర ఉన్నంతవరకు బిందువులు ఒకదానినొకటి అంటుకొనవు. మీగడను గిలకొట్టితే గాలి బుడగలు లోపలికి చేరుతవి. కొవ్వు బిందువులు ఆ బుడగల అంచులకు చేరి, ఒకదానితో ఒకటి ఒరసుకొని, పొర చిరిగి కలిసిపోతవి. అప్పుడు నురుగు అణగిపోయి, ఇంతవరకు మజ్జిగలో కొవ్వుగా ఉన్నది కాస్తా వెన్నలో మజ్జిగగా తలక్రిందులవుతుంది. దీనికి రెండు షరతులు. పాత్రలో గాలికి చోటుండాలి, అంటే పాత్రను సగానికి మించి నింపరాదు. రెండవది, కొవ్వు మరీ గడ్డకట్టి ఉండరాదు, మరీ కరగీ ఉండరాదు. మీగడకు 55 నుంచి 60 ఫారన్‌హీట్ డిగ్రీల వేడి సరిపోతుందని పాశ్చాత్య గోపాలకుల లెక్క. మన గృహిణులు చలికాలంలో వేడినీళ్ళు, వేసవిలో కుండలోని చన్నీళ్ళు కలిపి ఇదే లెక్కను చేతివ్రేళ్ళతోనే సాధించినారు.

ఐరోపాలో ప్రాచీనమైన సాధనం పొడుపు కవ్వం. పొడవైన సన్నని కొయ్య తొట్టి, దాని మూత మధ్య రంధ్రం గుండా ఒక కర్ర, కర్ర కొసకు చిల్లులు పొడిచిన బిళ్ళ. దానిని రోకలి పోటువలె పైకీ క్రిందికీ ఆడించాలి. గంటసేపు ఆడించిన భుజం ఎట్లుంటుందో వడ్లు దంచినవారికి చెప్పనక్కరలేదు. సంపన్న రైతులు కుక్కను నడక చక్రమెక్కించి ఈ పని చేయించిన సందర్భాలు కూడ ఉన్నవి. ఆ స్థితిలో, పిడి పట్టుకొని సుఖంగా త్రిప్పితే చాలునన్న ఆలోచన ఎంత ఆకర్షణీయమో ఊహించవచ్చును. 18వ శతాబ్దంలోనే ఇంగ్లండులో అడ్డంగా పరుండబెట్టిన పీపాలు, వాటి ఇరుసుకు చెక్క తెడ్లు, బయట ఒక చేతిపిడి వాడుకలోనికి వచ్చినవి. తరువాతి శతాబ్దంలో అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, కాంకర్డ్ పట్టణంలో బ్లాంచర్డ్ కుటుంబంవారు చేసిన కవ్వపు పెట్టెలు దేశమంతటా అమ్ముడుపోయినవి.

ఇక్కడనే చిక్కు మొదలయినది. తెడ్డు ఎడతెగకుండా ఒకే దిక్కుకు తిరిగితే కొంతసేపటికి మీగడ కూడ తెడ్డుతోపాటే తిరగసాగుతుంది. గుండ్రని పాత్రలో సుడి ఏర్పడుతుంది. తెడ్డు, మీగడ జంటగా పరుగెత్తుతూ ఉంటే వాటిమధ్య ఘర్షణ ఎక్కడిది? త్రిప్పినవారికి ఆయాసం మిగులుతుంది, వెన్న మిగలదు. త్రిప్పుట వేరు, చిలుకుట వేరు. మన త్రాటికవ్వం సగం క్షణానికొకసారి దిక్కు మార్చుకొంటుంది కనుక సుడి ఏర్పడకముందే చెదరిపోతుంది. చేతిపిడికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి చేతిపిడి కవ్వపు చరిత్ర అంతా, నా దృష్టిలో, సుడిని చెరిచే ఉపాయాల చరిత్ర. కొందరు పాత్ర లోపలి గోడలకు అడ్డుపలకలు బిగించినారు. కొందరు తెడ్లకు చిల్లులు పెట్టినారు. కొందరు రెండు తెడ్లను ఎదురెదురు దిక్కులకు తిరిగేటట్లు పళ్ళచక్రాలు కూర్చినారు. ఈ చివరి ఉపాయం చూడ ముచ్చటైనది. కాని మూలమూలలా ఇరుక్కున్న మీగడను కడిగి తీయడం ఎవరి వంతు? ఆ మూలలు శుభ్రపడకపోతే మరునాటి వెన్నకు పులిసిన వాసన. ఉపాయం పన్నినవారు చాలవరకు పురుషులు, కడిగినవారు స్త్రీలు. పేటెంటు పత్రాలలో మొదటివారి పేర్లే ఉన్నవి.

19వ శతాబ్దంలో అమెరికా పేటెంటు కార్యాలయం కవ్వాలకు వందలకొద్దీ పేటెంట్లు ఇచ్చినది. అందులో పెద్ద వ్యామోహం వేగం. కొద్ది నిమిషాలలోనే వెన్న పడుతుందని ప్రకటనలు. బోలుగా ఉన్న కోలగుండా మీగడ అడుగుకు గాలిని పంపే కవ్వాలు కూడ ఈ పోటీలో పుట్టినవే. నిజానికి త్వరగా వెన్న తీయడం అసాధ్యం కాదు. మీగడను కాస్త వేడిచేసి వడిగా త్రిప్పితే పడుతుంది. అయితే ఆ వెన్న మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. పైగా కొవ్వులో కొంతభాగం వెన్నలో చేరక మజ్జిగలోనే పోతుంది. సంతలో ప్రదర్శించే వర్తకుడు మజ్జిగను ఎవరికీ చూపడు. అనుభవశాలి అయిన గృహిణి మాత్రం ముందుగా మజ్జిగనే చూస్తుంది.

ఈ గొడవలన్నింటికీ బ్రిటన్‌లో దొరికిన సమాధానం నాకు మిక్కిలి తెలివైనదిగా తోస్తుంది. వారు తెడ్డునే తీసివేసినారు. పీపాను నిలువుగా పెట్టి, నడుమున ఇరువైపులా ఇరుసులు బిగించి, చట్రంపై వ్రేలాడదీసి, చేతిపిడితో పీపానే తల్లక్రిందులుగా దొర్లించినారు. లీడ్స్ నగరంలో వెయిడ్ సంస్థ చేసిన 'విక్టోరియా' కవ్వం ఈ కోవకు చెందినది. పీపా తలక్రిందులైనప్పుడల్లా మీగడ ధబ్బున ఈ కొసనుంచి ఆ కొసకు పడుతుంది. ఆ పడడమే చిలుకుట. లోపల వస్తువంటూ ఏదీ లేదు కనుక కడగడం సులభం. మూతకు చిన్న గాజు కన్ను ఉంటుంది. మొదట అది మీగడతో మసకబారి ఉంటుంది. వెన్న పూసలు విడివడగానే గాజు తేటపడుతుంది. మొదటి నిమిషాలలో మీగడనుంచి వాయువు వెలువడి లోపల ఒత్తిడి పెరుగుతుంది కనుక దానిని వదలడానికి ఒక చిన్న మీట కూడ ఉన్నది.

ఈ పీపాలో వేగానికి ప్రకృతియే హద్దు పెట్టినది. నీళ్ళున్న చెంబును త్రాటితో కట్టి గిర్రున త్రిప్పితే, చెంబు తలక్రిందులైనా నీరు ఒలకదు. పీపాలోను అంతే. ఇరుసునుంచి కొసవరకు 10 అంగుళాలున్న పీపాను నిమిషానికి సుమారు 60 చుట్లు దాటించితే మీగడ క్రిందపడడం మాని గోడకు అంటుకొని ఊరక తిరుగుతుంది. ఆ హద్దుకు లోబడి త్రిప్పాలి. పీపాలోని ధబధబ శబ్దం ఆగిపోయినదంటే త్రిప్పేవారు తొందరపడుతున్నారన్నమాట. వెన్న ఆవగింజలంత, జొన్నగింజలంత పూసలైనప్పుడు ఆపి, మజ్జిగ తీసివేసి, చల్లని నీళ్ళతో కడగాలి. ఇంకా త్రిప్పితే పూసలు ముద్దకట్టి, మజ్జిగను కడుపులో దాచుకొంటవి. అటువంటి వెన్న నిలువ ఉండదు.

ఇంత ఓపికతో తీసిన వెన్న ఎవరిది? అమెరికా పల్లెలలో వెన్న, గ్రుడ్లు అమ్మగా వచ్చిన సొమ్ము స్త్రీలదిగా చెల్లుబాటయ్యేది. పంట డబ్బు ఏటికొకసారి వచ్చి అప్పులకు పోతే, ఇంట్లోకి చక్కెర, కాఫీ, గుడ్డలు తెచ్చినది ఈ సొమ్మే. అయితే ఊరి దుకాణదారు మంచి వెన్నకూ చెడ్డ వెన్నకూ తరచు ఒకే ధర కట్టి, అన్నిటినీ ఒకే తొట్టిలో కలిపివేసేవాడు. శ్రద్ధగా చిలికిన ఇల్లాలికి ఇది తీరని కష్టం. అందువలన నేర్పరులు తమ వెన్నపై చెక్క అచ్చుతో పువ్వో, ఆకో గుర్తుగా ముద్రించి, పట్టణంలో తెలిసిన ఇండ్లకు నేరుగా అమ్ముకొనేవారు.

1878లో స్వీడన్ దేశీయుడు గుస్తాఫ్ ద లావల్ పాలనుంచి మీగడను వేగంగా వేరుచేసే యంత్రాన్ని కల్పించినాడు. దానికీ ఒక చేతిపిడి. తగిన వేగం వచ్చేవరకు పిడిలో చిన్న గంట మ్రోగుతూ ఉండేది. గంట ఆగితే వేగం చాలినదని గుర్తు. ఇంటింటా కవ్వాన్ని మూలకు నెట్టినది ఈ రెండవ పిడియే అని నా అభిప్రాయం. మీగడ ఇంటివద్దనే వేరయినప్పుడు పాలన్నీ మోయనక్కరలేదు. మీగడ ఒక్కటీ వెన్న కర్మాగారానికి పంపి, తక్కిన పాలు దూడలకు, పందులకు పోయవచ్చును. 1899 లెక్కల ప్రకారం అమెరికాలో సుమారు 149 కోట్ల పౌన్ల వెన్న తయారుకాగా అందులో మూడింట రెండు వంతులకు మించి ఇండ్లలో చిలికినదే. ఇరవై ఏండ్లు తిరిగేసరికి కర్మాగారాల వెన్న ఇండ్ల వెన్నను మించిపోయినది. భుజాలకు విశ్రాంతి దొరికినది. కర్మాగారం పంపే చెక్కు మాత్రం సాధారణంగా ఇంటి యజమాని పేర వచ్చినది. ఈ మార్పును సంతోషంతో ఆహ్వానించిన స్త్రీలు ఎందరో, చేతిసొమ్ము పోయినదని బాధపడినవారు ఎందరో.

విచిత్రమేమంటే, చేతిపిడి కవ్వం తన చక్కని రూపాన్ని పొందినది ఈ అస్తమయ కాలంలోనే. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో నేథన్ డేజీ స్థాపించిన సంస్థ గాజు జాడీ కవ్వాలు చేసినది. జాడీ గాజుమీద 1922 ఫిబ్రవరి 14 అని పేటెంటు తేది ఉబ్బెత్తు అక్షరాలలో కనిపిస్తుంది. మరలు బిగించే మూత, మూతపై పోత ఇనుప చట్రంలో పెద్ద పళ్ళచక్రం, దానితో కలిసే చిన్న పళ్ళచక్రం, క్రిందికి దిగిన కడ్డీకి చెక్క తెడ్లు. ఒక చేత పైపిడి అదిమి, ఒక చేత త్రిప్పాలి. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే తెడ్డు అనేక చుట్లు తిరుగుతుంది. 20, 40, 60, 80 అని సంఖ్యలు. 40వ నంబరు జాడీలో నాలుగు క్వార్టులు పడుతుంది. సగం నింపితే, మంచి చిక్కని మీగడ అయినచో, పౌనున్నర వరకు వెన్న వస్తుంది. సంతకు చాలదు, ఇంటికి చాలును. ఆ కొలతలోనే కాలం మారిన సంగతి తెలుస్తున్నది.

ఆ జాడీ గుండ్రనిది కాదు. నలుపలకలుగా ఉండి, మూలలు మాత్రం నునుపుగా వంపు తిరిగి ఉంటుంది. అందానికని అనుకొనవచ్చును గాని, ఆ నాలుగు మూలలే సుడిని చెరిచే అడ్డుపలకలు. తిరిగే మీగడ మూలకు తగిలి వెనుకకు మరలి తెడ్డుకు ఎదురు వస్తుంది. మూలలు వంపు తిరిగినవి కనుక చేయి పెట్టి కడగడం తేలిక. ఇన్ని పేటెంట్లు వెదకిన ఉపాయం పాత్ర ఆకారంలోనే ఇమిడిపోయినది. కొయ్యవలె గాజు పులుపు వాసనను పీల్చుకొనదు. నురుగు విరిగి పూసలు తేలడం కంటికి కనిపిస్తుంది. పగిలిపోవడం ఒక్కటే దాని లోపం.

1930ల నడిమి కాలంలో అమెరికా వ్యవసాయ గృహాలలో పదింట ఒకదానికి మాత్రమే విద్యుత్తు ఉండేది. గ్రామ విద్యుదీకరణ సంస్థ 1935లో ఏర్పడినది. తీగలు పల్లెలకు చేరినకొద్దీ అదే జాడీమీద పళ్ళచక్రాలకు బదులు చిన్న మోటారు కూర్చున్నది. ఈనాడు చేతిపిడి జాడీలు పాతవస్తువుల అంగళ్ళలో కనిపిస్తవి. అటువంటి క్రొత్తవి కూడ తయారవుతున్నవి.

మన ఇండ్లలో ఇప్పుడు మిక్సీ ఉన్నది. అదీ ఒకే దిక్కుకు తిరిగేదే. దానితో వెన్న తీసే గృహిణి మీగడలో చన్నీళ్ళు పోసి, మీటను ఏకధాటిగా త్రిప్పి ఉంచదు. ఒక క్షణం వేసి, ఒక క్షణం ఆపి, మళ్ళీ వేస్తుంది.