‘స్త్రీ’కి ఎన్ని అక్షరాలు?

‘స్త్రీ’ అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయని అడిగితే ఒకటో తరగతి పిల్ల కూడా “ఒక్కటే” అంటుంది. కంప్యూటరుని అడిగి చూడండి, ఆరంటుంది! ఇంకోలా అడిగితే పద్ధెనిమిదంటుంది. విచిత్రమేమిటంటే దాని లెక్కలో రెండూ నిజమే. నవలలు రాసుకునేదాన్ని, అక్షరాలతోనే నా బతుకు. ఈ లెక్క సంగతేమిటో తెలుసుకోకుండా వుండలేకపోయాను.

1963లో అమెరికావాళ్ళు యంత్రాల కోసం ‘ఆస్కీ’ అని ఓ అక్షరాల పట్టిక వేసుకున్నారు. మొత్తం 128 గళ్ళు. ఇంగ్లీషు అక్షరాలకీ, అంకెలకీ, చుక్కలకీ అవి చాలు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ ‘సి’ భాషను తయారుచేసినప్పుడు కూడా అక్షరమంటే ఒక్క బైటే. బైటంటే చిన్న గిన్నె అనుకోండి. 0 నుంచి 255 దాకా ఏదో ఒక్క సంఖ్యే అందులో పడుతుంది.

మరి వేలకొద్దీ అక్షరాలున్న జపాను, చైనా వాళ్ళ మాటేమిటి? అందుకే 1989లో ‘సి’కి ప్రమాణం ఏర్పరిచినప్పుడు ‘వైడ్ క్యారెక్టర్’ అనే పెద్ద గిన్నెను చేర్చారు. గిన్నె వచ్చింది గానీ, ఫైల్లోంచి నేరుగా అందులోకి తోడే గరిటె లేదు! 1995 సవరణలో అదీ వచ్చింది. దాని పేరు ‘ఎఫ్‌గెట్‌డబ్ల్యుసి’. పాత గరిటె బైటు తర్వాత బైటు తోడేది. కొత్తది, ఎన్ని బైట్లు కలిస్తే ఒక అక్షరమవుతుందో చూసి, కలిపి అందిస్తుంది. దీనికి మడి కూడా ఎక్కువే. ఒకసారి కొత్త గరిటె పెట్టిన ఫైల్లో, దాన్ని మూసి మళ్ళీ తెరిచేదాకా పాత గరిటె ముంచకూడదు.

ఈలోగా 1991లో యూనికోడ్ వచ్చి తెలుగుకీ 128 గళ్ళు కేటాయించింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో భోజనానికి వెళ్ళి, బల్లమీది కాగితంపైనే ‘యుటిఎఫ్-8’ పద్ధతి గీశారు. అందులో తెలుగు గడి ఒక్కొక్కటీ మూడు బైట్లు. సకారం, తకారం, రకారం, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిపి ఆరు. ఆరు మూళ్ళు పద్ధెనిమిది!

ఇదంతా మనకెందుకంటారా? ‘లక్ష్మి’ అని ఇంగ్లీషులో రాస్తే ఏడు బైట్లు, తెలుగులో రాస్తే ఇరవై ఒకటి. ఏ దరఖాస్తులోనో పేరుకి ఇరవై బైట్లే చాలనుకుంటే, పాపం లక్ష్మి చివరి గుడి తెగిపోతుంది. కొత్త గరిటెతో తోడితే గుడి దక్కుతుంది గానీ, అదీ ఏడు ముక్కలుగానే అందిస్తుంది. ‘క్ష్మి’ అంతా కలిసి ఒకే అక్షరమని దానికి తెలియదు. ఆ సంగతి ప్రోగ్రాము రాసేవాళ్ళే విడిగా చెప్పుకోవాలి.

మీ ఇంట్లో ఆ చదువు చదివే అమ్మాయి వుంటే, ఈసారి సెలవులకి వచ్చినప్పుడు అడగండి, “నీ ప్రోగ్రాములో మన అమ్మమ్మ పేరు పూర్తిగా పడుతుందా?” అని.